అరువిచ్చిన పేరు

అచ్యుతాపురం,
24 ఆగస్టు 2025

మరదలు పిల్లకి,

వదిన సన్యాసమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఒళ్ళు బాగుంది. నోరు ఇంకా బాగుంది. నువ్వెలా ఉన్నావో ముందు అది రాయి.

ఫోనుండగా ఈ కాగితాల గోల ఏమిటని నా తమ్ముడు సింహాద్రి నవ్వుతూ ఉంటాడని తెలుసు. నవ్వనీ. ఈ హాస్టల్ గదిలో ఎనిమిది మందిమి పడుకుంటాం. వీళ్ళందరికీ కుసుమని నేనే. నీ ఆధార్ కార్డు మీద ఈ రొయ్యల కంపెనీలో చేరిన రోజు నుంచీ నన్ను అలాగే పిలుస్తున్నారు. మొన్న మరిచిపోయి ఫోన్లో "ఏటే కుసుమా, కూరేటి వండినావు?" అన్నాను. పక్క మంచం మీద అసిరమ్మ దిగ్గున లేచి కూర్చుని, "ఓలమ్మో, నీతో నువ్వే మాటాడుకుంతన్నావేటే!" అని నా నుదురు పట్టుకు చూసింది, జ్వరమేమోనని. అందుకే ఉత్తరాలు. కవరు మీద మాత్రం నీ పేరే రాసి నాకు పంపు.

నవ్వొస్తుంది గానీ అప్పుడు నువ్వు నోరెత్తకుండా ఆ కార్డు తీసిచ్చావు చూడు, అది నేను మరిచిపోను. మీ అన్నయ్యగారు పోయి దిక్కుతోచని రోజులవి. వయసు ఎక్కువ, తీసుకోం అన్నారు. "ఇంట్లో సిన్నోళ్ళ కార్డేదైనా ఉంటే పట్టుకురా, అందరూ అదే సేత్తన్నారు" అన్నాడు కంట్రాక్టరు. మనవాళ్ళలో గిద్దెడు బియ్యం అరువిచ్చినట్టు కార్డులు ఇచ్చుకోవడం మామూలే కదా. కొత్త కోడలివి, పెట్టెలోంచి తీసి చేతిలో పెట్టావు.

ఇక్కడ కొత్త సంగతి, అమెరికాలో మన రొయ్యల మీద సుంకం బాగా పెంచేశారట. ఐసు గదిలో సరుకు పేరుకుపోయింది. నిన్న సూపర్వైజర్ రమణమూర్తి మమ్మల్నందర్నీ నిలబెట్టి, "ఆర్డర్లు పడిపోనాయమ్మా, కొందర్ని ఆపేత్తారు. పాత కార్డులున్నోళ్ళకి బయం నేదు" అన్నాడు. పాత కార్డంటే నీ పేరున కంపెనీ ఇచ్చిన మనదే. ఇతగాడికి పొద్దస్తమానం అరుపులే, బాత్రూముకి వెళ్ళినా గడియారం చూస్తాడు. ఆ మాటకి మాత్రం నేనే దండం పెట్టాను.

జవాబు రాయి.
సన్యాసమ్మ


దువ్వాడ,
5 సెప్టెంబర్

వదినకి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. నవ్వుకున్నాం. మేం బాగానే ఉన్నాం. మీ తమ్ముడు ఇంట్లోనే ఉన్నారు, ఉక్కు మిల్లుకి కొన్నాళ్ళు సెలవిచ్చారు. వానలకి వెనక గోడ తడిసింది, అంతకుమించి ఏమీ లేదు.

ఒక్క సంగతి. నువ్వు ఇంకా ఎన్నాళ్ళు అక్కడ చేద్దామనుకుంటున్నావు? ఊరికే అడిగాను. నీ పీఎఫ్ అదీ ఎవరి పేరు మీద పడుతోంది, నా పేరు మీదేనా? అదీ ఊరికే.

ఆరోగ్యం జాగ్రత్త.
కుసుమ


అచ్యుతాపురం,
12 సెప్టెంబర్

శ్రీమతి కుసుమకుమారి గారికి,

గారు అన్నానని ఆశ్చర్యపోకండి. డబ్బు సంగతులు కనుక్కునేవాళ్ళకి మర్యాద ఇవ్వాలి కదా.

ఊరికే అడిగావా? రెండుసార్లు ఊరికే అని రాశావు. ఒకసారైతే నమ్మేదాన్ని. పీఎఫ్ నీ పేరు మీదే పడుతోంది తల్లీ, నీకు తెలీదా? బ్యాంకు పుస్తకమూ నీ పేరే. రేపు నువ్వెళ్ళి వేలిముద్ర వేస్తే మొత్తం నీ చేతికొస్తుంది. తీసుకో. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దుట్నుంచీ నిలబడేది మాత్రం నేను. నా గోళ్ళెప్పుడైనా చూశావా? క్లోరిన్‌కి నాని నాని వేళ్ళు పగిలిపోయాయి. అన్నం కలుపుకుంటే కారం తగిలి ప్రాణం పోతుంది, దొరసానిలా చెంచాతో తింటున్నాను. హాజరు మిషను మా ఎవరి వేలూ గుర్తుపట్టదు, అరిగిపోయి. అందుకే ఇప్పటికీ పేరు పిలిచి హాజరు వేస్తున్నారు.

నా తమ్ముడు అడగమన్నాడా, నీకే పుట్టిందా ఈ బుద్ధి? సొంత చెల్లెలనుకున్నాను నిన్ను. చాలా బాధేసింది.

సన్యాసమ్మ


దువ్వాడ,
18 సెప్టెంబర్

వదినా,

నీ ఉత్తరం మీ తమ్ముడికి చూపించలేదు. చూపిస్తే ఆ పూట అన్నం మానేసేవారు. నేను మాత్రం నాలుగుసార్లు చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. కోపంలోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

మిల్లుకి సెలవు కాదు. బయటి దేశాల నుంచి చవగ్గా ఉక్కు దిగుతోందని ఓనరు సగం పని ఆపేశాడు. కొత్త కంట్రాక్టరు వచ్చి పాతవాళ్ళందరి గేటు పాసులు లాక్కున్నాడు. మీ తమ్ముడు ఖాళీ. మిల్లు బూట్లు మాత్రం రోజూ తుడిచి గుమ్మంలో పెడుతున్నారు. అప్పకి చెప్పొద్దు, కంగారు పడుతుంది అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను.

ఇంట్లో ఒకరైనా సంపాదించాలి కదా అని మీ అచ్యుతాపురంలోనే బట్టల కంపెనీకి వెళ్ళాను. మీ కంపెనీ గేటు ముందు నుంచే వెళ్ళాను, నీకు చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక మిఠాయి పట్టుకుని వద్దామనుకున్నాను. కాలరు కుట్టమన్నారు. కుట్టాను. మేడం తిప్పి తిప్పి చూసి నీటుగా ఉందంది. సోమవారం నుంచి రమ్మంది. నాకు కాళ్ళు నేల మీద లేవు.

అప్పుడు కంప్యూటర్ ముందున్నతను నా ఆధార్ నంబరు కొట్టాడు. "మేడం, మీరు రొయ్యల కంపెనీలో సేత్తన్నారు కదా, పీఎఫ్ కూడా పడతంది" అన్నాడు.

"నాను కాదు బాబూ" అన్నాను.

"మరి మీరు కుసుమకుమారి కాదా?"

ఏం చెప్పను వదినా? కాదంటే నాకు ఈ పని లేదు. అవును, ఆ రొయ్యల కంపెనీలో ఉన్నది ఇంకొకరు అంటే నీకు ఆ పని లేదు. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి పీఎఫ్ అంటే ఏమిటో, పేరు మార్చుకోవచ్చో లేదో తెలుసుకుందామని నిన్ను అలా డొంకతిరుగుడుగా అడిగాను. నీ డబ్బులు నాకొద్దు. నేను ఒక్క రొయ్య కూడా వలవలేదు.

కుసుమ


అచ్యుతాపురం,
25 సెప్టెంబర్

నా బంగారు తల్లికి,

నా నోట్లో మన్ను పడ. ఎంతెంత మాటలన్నానే నిన్ను. ఆ ఉత్తరం చింపేశావా? చింపకపోతే ఇప్పుడే చింపి పొయ్యిలో పెట్టు. తమ్ముడి సంగతి తెలిసి అన్నం ముద్ద దిగలేదు. మా గేటు ముందు నుంచి వెళ్ళి నన్ను పలకరించకుండా పోయావా? అది మాత్రం తప్పు, దానికి కోపం ఉంచుకుంటాను.

నాకొక దారి కనపడింది. రమణమూర్తిని పక్కకి పిలిచి, మా ఇంట్లో ఇలా ఇబ్బంది వచ్చింది, నా కార్డు పేరు వేరు అని చెప్పాను. అతను ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలీదేటి? ఆ కార్డుకి రిజైన్ రాసీ. నీ పేరున దినకూలీగా రా. కార్డూ గీర్డూ ఉండదు, పాత సర్వీసు మర్సిపో" అన్నాడు. నెలాఖరుకి సంతకం పెట్టేస్తాను. నీ పేరు నీకొచ్చేస్తుంది. నువ్వు చిన్నదానివి, కుట్టుపని వచ్చు. నాకేముంది, రోజు కూలితో గడిచిపోతుంది. ఆర్డర్లు లేని రోజు పస్తు ఉంటాను, అంతే కదా.

గుండె ఆగక అసిరమ్మకి చెప్పాను. అది ముందు నోరు తెరిచింది, తర్వాత పగలబడి నవ్వింది. "నాను అసిరమ్మని కానే! అసిరమ్మ మా అప్ప కూతురు. నా పేరు అప్పాయమ్మ" అంది. ఈ గదిలో అసలు పేరుతో ఎవరు పడుకుంటున్నారో ఆ సింహాచలం అప్పన్నకే తెలియాలి.

మిఠాయి ఎప్పుడు పట్టుకొస్తావు?
మీ వదిన


దువ్వాడ,
29 సెప్టెంబర్

వదినా,

సంతకం పెట్టకు. ఈ ఉత్తరం అందేలోపే పెట్టేస్తావేమోనని భయమేసి నీ ఫోను కలవక అసిరమ్మ నంబరుకి చేసి, "కుసుమకి సెప్పండి, సంతకం వొద్దని ఇంటి కాడ అన్నారు" అని చెప్పాను. నా పేరు నేనే అలా పరాయిదాని పేరులా చెప్తుంటే ఒళ్ళు జలదరించింది.

విశాఖలో ద్వారకా నగర్ వెళ్ళాను. కోచింగ్ సెంటర్ల మేడల మధ్య పైన చిన్న గదిలో శివరామకృష్ణ గారని యూనియన్ ఆయన ఉన్నారు. గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి రిటైరైన మనిషి. మొత్తం విన్నారు. "చూడమ్మా, కార్డు ఎవరిదైనా రొయ్యలు వలిచిందెవరు? మీ వదిన. అది కంట్రాక్టరుకీ తెలుసు, కంపెనీకీ తెలుసు. తెలిసే ఇన్నేళ్ళూ పని చేయించుకున్నారు. ఆవిడ రాజీనామా ఇచ్చిందనుకో, ఆ సర్వీసంతా నీ పేరు మీద ముగిసిపోతుంది. ఆవిడ అక్కడ అసలు పని చెయ్యనట్టే" అన్నారు. నా పేరు ఇదీ, పనిచేసింది నేను, నా పేరు మీద కార్డు ఇవ్వండి అని నువ్వే చెప్పాలట. చెప్తే బయటికి గెంటొచ్చు, ఇద్దరి మీదా మోసం కేసు పెడతామని బెదిరించొచ్చు. అయినా లేబరాఫీసులో నిలబడితే గెలిచే వీలుందన్నారు. అక్కడికి వచ్చి సాక్ష్యం చెప్తావా అని అడిగారు. చెప్తానన్నాను.

మీ తమ్ముడికి భయం. "ఇద్దరూ జైలుకెల్తే నాకు కూడు ఎవులు ఒండుతారు?" అన్నారు. "మీరే ఒండుకోండి, కాళీయే కదా!" అనేశాను. తర్వాత ఆ ముఖం చూసి సిగ్గుపడ్డాను. పాపం, రాత్రి ఆయనే లేచి బియ్యం కడిగారు.

భయం నాకూ ఉంది. నువ్వెలా అంటే అలా చేద్దాం. కానీ నా కోసం నువ్వు దినకూలీకి దిగితే ఆ కుట్టుమిషన్ నేను తొక్కలేను.

కుసుమ


అచ్యుతాపురం,
16 అక్టోబర్

కుసుమా,

మొన్న సోమవారం నా పేరు నేను చెప్పాను.

పొద్దున్న షిఫ్టుకి టోపీలు, మాస్కులు పెట్టుకుని వరసలో నిలబడ్డాం. రమణమూర్తి హాజరు పిలుస్తున్నాడు. "కుసుమకుమారీ" అన్నాడు. నేను పలకలేదు. మళ్ళీ పిలిచాడు. "ఏటమ్మా కుసుమా, నిద్దరోతన్నావేటి?" అన్నాడు. మాస్కు కిందికి లాగి చెప్పాను. "నాను కుసుమని కాదు సార్. సన్యాసమ్మని. ఇన్నేళ్ళూ ఇక్కడ వలిసింది నానే. నా పేరున హాజరు ఎయ్యండి."

నా వెనకాల ఎవరైనా గొంతు కలుపుతారేమోనని చూశాను. ఎవరూ కలపలేదు. అసిరమ్మ నేల చూసింది. నాకు కోపం రాలేదని రాద్దామనుకున్నాను గానీ, వచ్చింది, అబద్ధమెందుకు? ఇద్దరు పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిందది. కోపం తగ్గాక గుర్తొచ్చింది.

రమణమూర్తి తల గోక్కుని మేనేజర్‌కి ఫోన్ చేశాడు. మేనేజర్ వచ్చాడు, సెక్యూరిటీ వచ్చారు. నన్ను బూట్లతో సహా బయట పెట్టారు, తర్వాత బూట్లు, మెళ్ళో కార్డు కంపెనీవని అవీ విప్పించుకున్నారు. మధ్యాహ్నానికి బోర్డు మీద కాగితం అంటించారట. సన్యాసమ్మ అనే మనిషి ఈ కంపెనీలో ఎప్పుడూ పని చెయ్యలేదట. కుసుమకుమారి చెప్పకుండా పని మానేసి పోయిందట. ఇక చూసుకో, నేను పుట్టనేలేదు, నువ్వు పారిపోయావు!

హాస్టల్ ఖాళీ చేయించారు. ఇడ్లీ బండి పోతమ్మ వాళ్ళ వసారాలో ఉంటున్నాను. ఇంటికి రమ్మంటావేమో, రాను. పని మానేసిందనే మాటకి ఆస్కారం ఇవ్వకూడదు, రోజూ షిఫ్టు వేళకి గేటు ముందు నిలబడు అన్నారు నీ శివరామకృష్ణ గారు. నిలబడుతున్నాను. లోపలికి పోయేవాళ్ళు నన్ను చూసి తల దించుకుంటున్నారు. అసిరమ్మ మాత్రం ఇవాళ పోతూ పోతూ నా చేతిలో టిఫిన్ డబ్బా పెట్టి, పరిగెత్తింది.

లేబరాఫీసులో అర్జీ వేశాను. నిన్ను పిలుస్తారు. భయపడకు. నాకు మాత్రం చాలా భయంగా ఉంది కుసుమా. నేను ఇక్కడ పని చేశానని చెప్పడానికి నా దగ్గర నా చేతులు తప్ప ఏమీ లేవు.

వదిన


అచ్యుతాపురం,
14 డిసెంబర్

మా ఇంటి ప్లీడరు కుసుమకుమారికి,

చేరాను! నిన్నటి నుంచి మళ్ళీ లైన్లో ఉన్నాను. కార్డు మీద నా పేరు, నా అసలు వయసు, పాత చేరిన తేదీ. ఒప్పందం కాగితం మీద లేబరాఫీసులో ఆఫీసరు గారి ముందు సంతకాలు అయ్యాక కూడా మేనేజర్ ముఖం ఆముదం తాగినట్టే ఉంది. పీఎఫ్ సంగతి మాత్రం వేరే ఆఫీసులో తేలాలట, ఏళ్ళు పట్టొచ్చట. పట్టనీ. నీ పేరు నీకొచ్చింది కదా, అది చాలు. బట్టల కంపెనీ వాళ్ళు మళ్ళీ టెస్టు పెడతామన్నారని తమ్ముడు చెప్పాడు. ఈసారి కంప్యూటరతను ఏమంటాడో చూద్దాం.

ఇక్కడ నన్ను సన్యాసమ్మా అని పిలవడానికి ఎవరికీ నోరు తిరగడం లేదు. కుసుమా అని, నాలిక కరుచుకుని, సన్నేసమ్మా అంటున్నారు. అసిరమ్మ నిన్న హాజరు వేళ "నాను అప్పాయమ్మని" అంది. దాని వెనక ఇంకో ఇద్దరు. కొత్త సూపర్వైజర్‌కి చెమటలు పట్టాయి.

అవును, కొత్త సూపర్వైజరే. రమణమూర్తి ఆ రోజు లేబరాఫీసుకి వచ్చాక మళ్ళీ లైన్లోకి రాలేదు. సెలవంటున్నారు. సెలవు పెట్టే మనిషి కాదు. ఆ మేనేజర్‌తో కలిసి నా మీద చెప్పాల్సిందంతా చెప్పి, మొహం చెల్లక తిరుగుతున్నాడేమో. మొదటి నుంచీ అన్నీ తెలిసి నన్ను దినకూలీకి దిగమన్న మనిషే కదా.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ రోజు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నిన్ను లోపలికి పిలిచారు. నువ్వు లోపలికి వెళ్ళేటప్పుడు మేనేజర్ నవ్వుతున్నాడు. నన్ను పిలిచేసరికి ఒప్పందానికి వచ్చేశాడు. లోపల ఏం మందు పెట్టావే? బస్సులో అడిగితే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. రాయి.

సన్యాసమ్మ


దువ్వాడ,
19 డిసెంబర్

వదినా,

బస్సులో చెప్తే ఏడుపొస్తుందని చెప్పలేదు. జనం ఉన్నారు.

లోపల నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఆఫీసరు గారు నా ఆధార్ చూశారు. "మీ దగ్గర పనిచేసిన కుసుమకుమారి ఈవిడేనా?" అని మేనేజర్‌ని అడిగారు. అతను రెప్ప కొట్టకుండా, "ఈవిడే సార్. ఇప్పుడు ఇంకెవర్నో తీసుకొచ్చి నాటకమాడుతోంది" అన్నాడు. నేను కాదు కాదని మొత్తుకున్నాను. కానీ కార్డు నాది, బ్యాంకు నాది, పీఎఫ్ నాది. నేను ఎంత కాదంటే అంత అబద్ధంలా ఉంది. కంపెనీ కార్డు మీద ఫోటో నీదే కదా అన్నాను. ఆ కార్డు బూట్లతో పాటే గుంజుకున్నారు కదా, అది దొరకడం లేదన్నాడు. శివరామకృష్ణ గారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. అయిపోయింది, మా వదిన సర్వీసంతా నా నెత్తిన పడేసి నన్నే పారిపోయినదాన్ని చేశారు అనుకున్నాను.

ఆఫీసరు గారు రమణమూర్తి వైపు తిరిగారు. "రోజూ హాజరు పిలిచేది మీరే కదా. మీరు చెప్పండి. ఈవిడేనా?"

మేనేజర్ ఆయన్నే చూస్తున్నాడు. అవును అన్న ఒక్క మాట చాలు ఆయనకి, ఇంటికెళ్ళి హాయిగా పడుకోవచ్చు. ఆయన నా చేతులు చూశాడు వదినా. నేను ఒళ్ళో పెట్టుకున్న చేతులు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"ఈవిణ్ణి నాను ఇవాళే సూత్తన్నాను సార్" అన్నాడు. "మా లైన్లో వలిసిన మనిసి బయట బెంచీ మీద కూకుంది. ఆవిడ పేరు సన్యాసమ్మ."

మేనేజర్ పళ్ళు కొరుకుతూ ఏదో అన్నాడు. రమణమూర్తి గారు కూర్చోలేదు. అలా నిలబడే మళ్ళీ చెప్పాడు, మొదటి రోజు నుంచీ తెలుసని, కంట్రాక్టరే కార్డులు తెమ్మనేవాడని, తనూ నోరు మూసుకున్నాడని. ఆఫీసరు గారు అదంతా రాసుకున్నారు. ఆ తర్వాతే నిన్ను లోపలికి పిలిచారు.

నువ్వు ఆయన్ని ఏమేం తిట్టావో నాకు తెలుసు. నేనూ తిట్టాను. ఆయన సెలవులో లేడు. పనిలోంచి ఆపేశారు. మీ తమ్ముడు నిన్న గాజువాకలో ఎవరో చెప్తే విని వచ్చారు. తమంతట తామే వచ్చి నాకు చెప్పి, "ఆడికి గేటు పాసు పోయిందే" అని గుమ్మంలో మిల్లు బూట్లు మళ్ళీ తుడుస్తూ కూర్చున్నారు.

ఆదివారం నీకు సెలవు. నేను మొదటి బస్సుకి వస్తాను. మీ తమ్ముడూ వస్తానంటున్నారు. రమణమూర్తి గారి ఇల్లు ఎక్కడో అప్పాయమ్మని అడిగి ఉంచు. శివరామకృష్ణ గారితో మాట్లాడాను. రమణమూర్తి గారూ అర్జీ పెట్టుకోవచ్చట, సాక్షులు కావాలట.

సాక్షుల పేర్లలో నా పేరు మొదట రాయించు.

కుసుమకుమారి